నెష్: చలికి తాళలేని మనిషికి ఇంగ్లాండు నడిగడ్డ పెట్టిన పేరు

నాటింగ్‌హామ్‌లోనో షెఫీల్డ్‌లోనో చదువుకోవడానికి వెళ్లిన మన కుర్రాడు ఒకడిని ఊహించుకోండి. అక్టోబరు మొదటి వారం. ఒంటి మీద స్వెట్టర్, దాని మీద జాకెట్, మెడకు మఫ్లర్. పార్ట్‌టైం డ్యూటీకి వెళ్లాడు. అక్కడ టీషర్టుతో తిరుగుతున్న ఒక పెద్దాయన ఇతన్ని ఎగాదిగా చూసి "యూ ఆర్ నెష్, యూ ఆర్" అన్నాడు. కుర్రాడికి బోధపడలేదు. 'ఫ్రెష్' అన్నాడా? 'నాస్టీ' అన్నాడా? తిట్టాడేమోనని కాసేపు టెన్షన్. రూముకొచ్చి నిఘంటువులో వెతికితే ఆ మాట పక్కన మూడు ముద్రలు కనిపించాయి: మాండలికం, అనధికారికం, అరుదు. అర్థం తెలిసింది కానీ అనుమానం తీరలేదు. అరుదైన మాటయితే రోజుకు మూడుసార్లు ఎందుకు వినపడుతోంది? అనధికారికమంటే బూతు కిందికి వస్తుందా? తిరిగి తాను వాడవచ్చా?

ఒక్క అక్షరమున్నరకు మించని ఈ మాట చిక్కుముడి విప్పితే ఇంగ్లీషు గురించి మనకు బడిలో ఎవరూ చెప్పని సంగతులు చాలా బయటపడతాయి. అందుకే తీరిగ్గా చూద్దాం.

## చలి కాదు, చలికి లొంగే గుణం

నెష్ అనేది విశేషణం. ఇప్పటి వాడుకలో ప్రధానమైన అర్థం ఒకటే: మిగతావాళ్లకు పెద్దగా అనిపించని చలి కూడా ఓర్చుకోలేని మనిషి. పదిహేను డిగ్రీలకే హీటర్ పెట్టమనేవాడు, కాస్త గాలి రాగానే కిటికీ మూసెయ్యమనేది, వాన తుంపర పడితే ఆటకు రాననేవాడు, వీళ్లంతా నెష్.

ఇక్కడ గమనించాల్సింది, ఇది వాతావరణాన్ని గురించిన మాట కాదు, మనిషిని గురించినది. "ఈ రోజు బాగా నెష్‌గా ఉంది" అంటే అక్కడివాళ్లు ముఖం వింతగా పెడతారు. చల్లగా ఉందని చెప్పడానికి వాళ్లకు 'నిప్పీ', 'పార్కీ' లాంటి మాటలు వేరే ఉన్నాయి.

అలాగే, చలితో గడ్డకట్టుకుపోయిన మనిషిని కూడా నెష్ అనరు. మంచులో రెండు గంటలు బస్సు కోసం నిలబడి వణుకుతూ వస్తే యార్క్‌షైర్‌లో 'నిథర్డ్' అంటారు. ఉత్తరాదిలో చాలాచోట్ల 'స్టార్వ్‌డ్' అనే మాటా ఉంది. ఇది మనల్ని బాగా తికమక పెడుతుంది, ఎందుకంటే మనం నేర్చుకున్న ఇంగ్లీషులో దానికి ఆకలితో మాడడం అని అర్థం. అసలు పాత ఇంగ్లీషులో 'స్టెయోర్ఫాన్' అంటే చనిపోవడం. జర్మన్‌లో 'స్టెర్బెన్' అంటే ఇప్పటికీ చనిపోవడమే. ఒకచోట ఆ చావు ఆకలి వైపు ఇరుకైంది, ఇంకోచోట చలి వైపు ఇరుకైంది. ఏది తప్పూ కాదు, ఏది ఒప్పూ కాదు.

నిథర్డ్, స్టార్వ్‌డ్ అనేవి అప్పటి స్థితి. వేడి టీ తాగి మంట ముందు కూర్చుంటే పోతాయి. నెష్ అనేది స్వభావం. టీ తాగినా పోదు.

## మూడు ముద్రల వెనక ఉన్న అసలు సంగతి

మాండలికం అనే ముద్ర తేలికగానే అర్థమవుతుంది. దేశమంతా కాకుండా కొన్ని ప్రాంతాల్లోనే వాడతారని. లండన్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఈ మాట తెలియకపోవచ్చు. మధ్య ఇంగ్లాండులోని స్టోక్ పట్టణంలో పుట్టిన మనిషికి ఇది దేశమంతా తెలియదన్న సంగతే తెలియకపోవచ్చు. ఊరు దాటి వెళ్లి, నెష్ అని మామూలుగా అనేసి, ఎదుటివాళ్లు తెల్లముఖం వేస్తే అప్పుడు తెలుస్తుంది తన నోట్లోది ఊరి మాట అని. చవకను 'అగ్గువ' అంటూ పెరిగిన తెలంగాణ పిల్లలు కోస్తా వైపు వెళ్తే ఎదురయ్యేది సరిగ్గా ఇదే.

అనధికారికం అంటే పరీక్ష పేపర్లో, ఆఫీసు ఉత్తరంలో రాయరని మాత్రమే. అది బూతని గానీ నిన్న మొన్న కుర్రాళ్లు పుట్టించిన స్లాంగ్ అని గానీ కాదు. స్లాంగ్ సాధారణంగా ఒక తరంతో వస్తుంది, చాలాసార్లు ఆ తరంతోనే పోతుంది. నెష్ వయసు వెయ్యేళ్లకు పైమాటే.

ఇక అరుదు. నా దృష్టిలో ఈ మూడింటిలో మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. పేపర్లు, పుస్తకాలు, ప్రభుత్వ కాగితాలు లండన్ చుట్టూ స్థిరపడిన ప్రమాణ భాషలో అచ్చవుతాయి. వంటింట్లో, బస్‌స్టాప్‌లో, ఫుట్‌బాల్ మైదానం పక్కన మాట్లాడేది అచ్చులోకి రాదు. కాబట్టి అచ్చులో లెక్కపెడితే నెష్ అరుదే. డెర్బీలో ఒక అమ్మమ్మ ఇంట్లో కూర్చుంటే అరుదు కాదు.

## వెయ్యేళ్ల కిందట దీని అర్థం 'మెత్తన'

పాత ఇంగ్లీషులో ఈ మాట రూపం 'హ్నెష్షె'. అర్థం మెత్తన, సుకుమారం, బలహీనం. మొదట్లో ఉన్న హకారం తర్వాత రాలిపోయింది. ఇది ఈ ఒక్క మాటకే జరగలేదు. 'హ్రింగ్' అనేది రింగ్ అయింది, 'హ్నుతు' నట్ అయింది, 'హ్లాఫ్' లోఫ్ అయింది. కాబట్టి నెష్ ఎవరో పాడుచేసిన మాట కాదు. రింగ్, నట్ ఏ దారిలో వచ్చాయో అదే దారిలో వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిలును ఇంగ్లీషుకు దూరపు చుట్టమైన గోతిక్ అనే పాత భాషలోకి అనువదించాడు. మత్తయి సువార్త 11వ అధ్యాయం 8వ వచనంలో, రాజుల ఇళ్లలో ఉండేవాళ్లు కట్టే మెత్తని బట్టల ప్రస్తావన వస్తుంది. మన తెలుగు బైబిల్లో 'సన్నపు బట్టలు' అని ఉంటుంది. అక్కడ గోతిక్‌లో 'హ్నస్క్వుస్' అనే మాట రూపం వాడారు. నెష్‌కు అది రక్తబంధువు. కొన్ని వందల ఏళ్ల తర్వాత పాత ఇంగ్లీషులో సువార్తలు రాసినప్పుడు అదే వచనంలో అదే చోట 'హ్నెష్షె' వచ్చింది. రాజుగారి మెత్తటి బట్టలకు వాడిన మాటే ఈ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర జాకెట్ వేసుకున్న కుర్రాడి మీదికి వచ్చింది. నాకైతే ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

మధ్యయుగపు ఇంగ్లీషులో దీనికి మంచి దర్జా ఉండేది. 'హార్డ్'కు జంటగా నిలబడేది. 'హార్డ్‌లోనూ నెష్‌లోనూ' అనే నుడికారం ఉండేది, ఎలాంటి పరిస్థితి వచ్చినా అనే అర్థంలో. మనం కష్టసుఖాల్లో అన్నట్టు.

మరి ఆ స్థానం ఎలా పోయింది? 'సాఫ్ట్' ఆక్రమించింది. అదీ పాత ఇంగ్లీషు మాటే. అయితే మొదట్లో దానికి హాయిగా, నెమ్మదిగా, ప్రశాంతంగా అనే అర్థాలు ఎక్కువ. మెల్లమెల్లగా 'గట్టిది కానిది' అనే అర్థంలోకి వ్యాపించి నెష్‌ను పక్కకు నెట్టింది. మరోవైపు ఫ్రెంచి నుంచి 'టెండర్', 'డెలికేట్' లాంటి మాటలు వచ్చి సుకుమారం అనే అర్థాన్ని పంచుకున్నాయి. ఇల్లంతా అలా వేరేవాళ్ల చేతికి పోతే, నెష్‌కు చివరికి ఒక్క గది మిగిలింది. అదే చలి.

## మెత్తదనానికీ చలికీ ఏమిటి సంబంధం?

ఈ మలుపు తెలుగువాళ్లకు అర్థం కావడం కష్టమేమీ కాదు. మెత్త అనే మాట నుంచే మనకు 'మెతక' వచ్చింది. దూది మెత్తన, మనిషి మెతక. వస్తువు గుణం మనిషికి అంటుకోగానే అందులో ఒక తీర్పు వచ్చి చేరుతుంది. 'నాజూకు' కూడా అంతే. పారసీకం నుంచి వచ్చిన ఆ మాట నగ మీద వాడితే మెచ్చుకోలు, పనిలోకి రానన్న మనిషి మీద వాడితే ఎత్తిపొడుపు.

నెష్ కూడా ఈ మెట్లే దిగింది. మొదట వస్తువు మెత్తదనం, తర్వాత ఒంటి సుకుమారం, ఆ తర్వాత కష్టానికి ఓర్వలేని గుణం. తడి, చలి, గాలి తప్పని దేశంలో మొదట ఎదురయ్యే కష్టం చలే కదా. అలా అర్థం అక్కడ స్థిరపడింది.

19వ శతాబ్దపు నవలల్లో ఈ ప్రయాణం మధ్యలో కనిపిస్తుంది. ఎలిజబెత్ గాస్కెల్ 1848లో అచ్చువేసిన 'మేరీ బార్టన్' మొదటి అధ్యాయంలో మాంచెస్టరు కార్మికులు పొలాల్లో షికారుకు వస్తారు. గడ్డి ఆరినట్టే ఉంది, జలుబుకు భయపడే నెష్ మనుషులు కారు కదా, కూర్చోండి అని ఒకరు అంటారు. ఇక్కడ అర్థం ఇప్పటిదానికి చాలా దగ్గర. ఆ నవలలోని స్థానిక పదాలకు ఆమె భర్త విలియం అడుగున వివరణలు రాశాడు. నెష్ దగ్గర పాత ఇంగ్లీషు మూలాన్నే చూపించాడు, కార్మికుల నోట ఉన్నది చెడిపోయిన భాష కాదని చదువుకున్న పాఠకుడికి తెలియాలన్నట్టు.

దక్షిణాన డోర్సెట్ ప్రాంతపు రచయిత థామస్ హార్డీ 1887లో తెచ్చిన 'ది వుడ్‌ల్యాండర్స్'లో అర్థం కాస్త వేరు. కూతుర్ని బోర్డింగ్ స్కూల్లో అన్నేళ్లు ఉంచితే తల్లిలాగే నెష్‌గా తయారవుతుందని ఒక పల్లె మనిషి అంటాడు. అక్కడ చలి ప్రస్తావన లేదు. ఉన్నది సుకుమారం, పనికి ఆగలేని ఒళ్లు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఇంకో సంగతి కూడా తేలుతుంది. నెష్ ఆనాడు దక్షిణాన కూడా ఉండేది, ఇప్పట్లా మధ్య, ఉత్తర ఇంగ్లాండుకే పరిమితం కాలేదు.

## ఎక్కడ వినిపిస్తుంది, ఎవరు ఏరి పెట్టారు

ఈ రోజు నెష్ గట్టిగా నిలబడింది స్టాఫర్డ్‌షైర్, డెర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్, దక్షిణ యార్క్‌షైర్, చెషైర్, ష్రాప్‌షైర్, లాంకషైర్‌లోని కొన్ని భాగాల్లో. బొగ్గు గనులు, కుండల పరిశ్రమ, ఉక్కు, నూలు మిల్లులు నడిచిన నేల ఇది. ఒకే వీధిలో తరతరాలు కాపురం ఉండి, ఒకే గనిలో తండ్రీ కొడుకులు పనిచేసిన చోట పాత మాట నిలబడిందని కొందరు అంటారు. అది పూర్తి కారణమని నేను అనుకోను. అలాంటి పట్టణాల్లోనే ఇంకెన్నో పాత మాటలు పోయాయి. నెష్ చెప్పే అర్థాన్ని ఒక్క మాటలో చెప్పే ప్రమాణ పదం లేకపోవడం కూడా దాన్ని కాపాడి ఉంటుంది.

ఈ మాటలను ఏరి పెట్టిన మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. జోసెఫ్ రైట్ 1855లో యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టాడు. బడి వయసులో మిల్లులో పనిచేశాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. తర్వాత రాత్రి బడిలో చదువుకుని, జర్మనీ వెళ్లి డాక్టరేటు సంపాదించి, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన సంపాదకత్వంలో 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు వచ్చింది. నెష్ అందులో విశేషణంగానే కాదు, క్రియగానూ కనిపిస్తుంది: ధైర్యం చాలక వెనక్కి తగ్గడం అనే అర్థంలో.

తర్వాత లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి హెరాల్డ్ ఓర్టన్ బృందం 1950 నుంచి 1961 దాకా 313 ఊళ్లు తిరిగింది. ఎక్కువగా పల్లెల్లోని ముసలివాళ్లను కూర్చోబెట్టి 1,300కు పైగా ప్రశ్నలు అడిగారు. "ఫలానా మాట మీకు తెలుసా?" అని కాకుండా, వస్తువు చూపించి "దీన్ని మీరేమంటారు?" అని అడిగారు. మాట అందిస్తే మనిషి మొహమాటానికి అవునంటాడు, అందించకపోతే తనది చెబుతాడు. ఆ సర్వే ఉపోద్ఘాత గ్రంథం 1962లో వచ్చింది. అదే ఏడాది మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువడింది. రెండు దేశాల్లో ఒకే సమయంలో, ట్రాక్టరూ రేడియో వచ్చి మాటలు మారిపోతాయని తెలిసినవాళ్లు, రైతుల ముందు పుస్తకం పట్టుకుని కూర్చున్నారన్నమాట.

## తిట్టా, ముద్దా?

దీని మీద ఆ ప్రాంతాల వాళ్లే రెండు విధాలుగా మాట్లాడతారు.

కొందరికి ఇది ఇంటి మాట. అమ్మమ్మ అనేది, నాన్న అనేవాడు. వాళ్లకు వాళ్లే "ఐ ఆమ్ నెష్, మీ" అని చెప్పుకుంటారు. చివర్లో 'మీ' అని మళ్లీ అనడం అక్కడి పద్ధతి. అలా తన గురించి తాను అనుకునేటప్పుడు సిగ్గు ఏమీ ఉండదు. "నాకు చలి ఎక్కువమ్మా" అన్నట్టే.

ఇంకొందరికి ఇది గాయం. గనుల ఊళ్లలో మగపిల్లవాణ్ని నెష్ అంటే చలి ఒక్కటే కాదు, ధైర్యం లేదని, మగతనం చాలదని. రైట్ నిఘంటువులోని క్రియ చెప్పేది ఈ నీడనే. జలుబుతో స్కూలు మైదానంలో నిక్కర్ వేసుకుని వణికిన పిల్లవాడికి ఆ మాట ముద్దుగా వినపడదు. శరీరం సంగతి తీసుకుంటే వాళ్ల మాటలో న్యాయముంది. చలి అందరికీ ఒకేలా తగలదు. ఒంట్లో కొవ్వు, కండ, వయసు, థైరాయిడ్, రక్తహీనత, పెరిగిన వాతావరణం, అన్నీ కలిసి దాన్ని తేలుస్తాయి. విజయవాడ ఎండల్లో పెరిగిన ఒంటికి నవంబరు నాటింగ్‌హామ్ చలిగా అనిపించడం పిరికితనం ఎలా అవుతుంది?

నా అంచనా ఏమిటంటే, మాటలో తీర్పు ఉన్నమాట నిజం, కానీ దాని బరువు అనే మనిషిని బట్టి, చోటును బట్టి మారుతుంది. నాటింగ్‌హామ్, డెర్బీ ప్రాంతాల్లో మాట చివర 'డక్' అని పలకరింపు చేర్చడం మామూలు. మనం బాబూ, తల్లీ అన్నట్టు. "యూ ఆర్ నెష్, డక్" అంటే దాదాపుగా ముద్దే. "డోంట్ బీ సో నెష్" అని సూపర్‌వైజర్ గదమాయిస్తే అది ముద్దు కాదు.

ఇంట్లో గ్యాస్ బిల్లు కట్టే స్తోమత లేక చలిలో కూర్చున్నవాళ్ల సంగతి వేరు.   అలా వణికేవాళ్లను నెష్ అనడం క్రూరం.

## కొన్ని సందర్భాలు పెట్టి చూద్దాం

ఇద్దరు స్నేహితులు ఒక ఇంట్లో అద్దెకున్నారు. ఒకడు సెప్టెంబరులోనే హీటింగ్ పెట్టాడు. రెండోవాడు "హీ ఈజ్ నెష్" అంటే సరైన వాడుక.

మైనస్ పది డిగ్రీల్లో ఒకావిడ కోటు అడిగింది. ఆమెను నెష్ అనడం కుదరదు. అందరికీ చలిగా ఉన్నప్పుడు ఆ మాటకు పని లేదు. పక్కవాళ్లతో పోలిక ఉంటేనే దానికి అర్థం.

ఐస్‌క్రీం తింటే పళ్లు జివ్వుమంటున్నాయని చెప్పడానికి కూడా ఇప్పుడు నెష్ సహజంగా ఉండదు, పాత అర్థంలో సుకుమారం ఉన్నా సరే. నాష్ అనే ఇంటిపేరుకూ దీనికీ చుట్టరికం లేదు. అది బూరుగు, వేప లాంటి చెట్ల పేర్లతో మన ఊళ్లకు పేర్లు వచ్చినట్టు, 'యాష్' చెట్టు దగ్గర ఇల్లున్నవాళ్లకు వచ్చిన పేరు. తిండిని 'నాష్' అంటారే, ఆ మాట యూరపు యూదుల యిద్దిష్ భాష నుంచి వచ్చింది. అదీ వేరే.

ఇంకో సందర్భం, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. బ్రిటన్ ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేస్తున్నారు. స్టోక్‌లో ఒక అరవై ఏళ్ల ఆవిడ వచ్చి "ఐ హావ్ గాన్ ఆల్ నెష్, డాక్టర్" అంది అనుకుందాం. మాట తెలియకపోతే అది గొణుగుడు. తెలిస్తే అది లక్షణం. ఇంతకుముందు చలికి తట్టుకునే మనిషినే, ఈమధ్య తట్టుకోలేకపోతున్నాను అని ఆమె చెబుతోంది. అప్పుడు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు గుర్తుకు రావాలి. 'గాన్' అనే క్రియ ఇక్కడ కీలకం. స్వభావాన్ని చెప్పే మాటకు మార్పును చెప్పే క్రియ తగిలిందంటే ఏదో జరిగిందని అర్థం.

## పోతోందా, నిలుస్తోందా?

ప్రాంతీయ పదాలు తగ్గిపోతున్నాయన్నది నిజమే. టీవీ, చదువు, ఉద్యోగాల కోసం ఊళ్లు మారడం వల్ల పొరుగు జిల్లాల మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఓర్టన్ బృందం అడిగిన పనిముట్ల పేర్లు చాలావాటికి ఇప్పుడు వస్తువే లేదు. వస్తువు పోతే మాట పోతుంది.

నెష్‌కు ఆ ప్రమాదం తక్కువ. చలి ఎక్కడికీ పోదు, దానికి ఓర్వలేని మనుషులూ పోరు. పైగా ఇప్పుడు ఊరి గుర్తుగా కప్పుల మీద, గ్రీటింగ్ కార్డుల మీద కూడా ఇలాంటి మాటలు అచ్చేసి అమ్ముతున్నారు. ఇది మాటకు కొత్త ఊపిరని కొందరు, మాటను బొమ్మగా మార్చి అల్మారాలో పెట్టడమని కొందరు అంటారు. కప్పు మీది మాటను చూసి మనవడు "ఇదేంటి నానమ్మా?" అని అడిగితే మొదటివాళ్లు నెగ్గినట్టే. అడగకపోతే రెండోవాళ్లు.

హార్డీ కాలంలో దక్షిణాన ఉన్న ఆ పాత అర్థం మాత్రం ఇంగ్లాండులో వినడం ఇప్పుడు కష్టం. కానీ అది అట్లాంటిక్ సముద్రం దాటింది. డోర్సెట్, డెవన్ వైపు నుంచి చేపల వేటకు వెళ్లినవాళ్లు కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌ల్యాండ్ దీవిలో స్థిరపడ్డారు. ఆ దీవి ఇంగ్లీషుకు 1982లో వెలువడిన నిఘంటువులో 'నిష్' అనే మాట ఉంది. అర్థం: సుకుమారమైన, ముట్టుకుంటే నొప్పి పెట్టే. తాడు లాగీ లాగీ వేలు ఒరుసుకుపోయి ఎర్రబడితే ఆ చర్మం నిష్. అక్కడ చలికి కొదవ లేదు, అయినా ఆ మాటలో చలి లేదు. బయల్దేరినప్పటి మెత్తదనమే ఉంది.